తిరిగొచ్చిన తాంబూలం

అమరనాథ్ కుర్చీ వద్దన్నాడు. అత్తగారిచ్చిన మంచినీళ్ళ గ్లాసును తాగకుండానే కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు తీసుకెళ్ళారు మావయ్యా?" అని రెండోసారి అడిగాడు.

గంగప్ప తలెత్తలేదు. ఆదివారం కాబట్టి కింద ఊదుబత్తీల దుకాణం షట్టరు వేసి ఉంది. కాటన్‌పేటలో ఆ ఒక్కరోజే లారీల చప్పుడు తగ్గి, మేడమీద మాట్లాడే మాట పక్కింటికి వినపడుతుంది. ఆయన లేచి వీధివైపు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మూడుసార్లు," అంది అతని భార్య చైత్ర. "ఎవరూ తీసుకుపోలేదు. నేనే పోయినాను."

"నాకు చెప్పకుండా."

"నీకు చెప్తే పోనిస్తావా?"

 నిన్న సాయంత్రం ఊరికి ఆ చివర కాడుగోడిలో తన ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ ఉండగా అతనికి ఫోన్ వచ్చింది. చేసింది అత్తగారు పుష్పావతి. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమె అల్లుడికి తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు. అత్తిబెలె దగ్గర నాటు కట్లు కట్టే బైరప్ప చేత కూతురి నడుముకు కట్టు కట్టించామని, ఆమె ఎడమకాలు మొద్దుబారి ఉందని, సోమవారం లోపల వచ్చి ఏదో ఒకటి చెయ్యమని చెప్పి, అతను అడగబోయేలోగానే పెట్టేసింది.

ఆ సోమవారం రేపే. ఉదయం ఎనిమిది గంటలకు స్క్వాడ్రన్ లీడర్ చైత్ర పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో విమానదళం వైద్యుల బోర్డు ముందు హాజరు కావాలి. ఐదు నెలల కిందట ఉత్తరాది కొండల్లో ఆమె నడుపుతున్న హెలికాప్టర్ దిగబోతూ హెలిప్యాడ్ మీద దభాలున పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆమె వెన్నుపూస ఒకటి నలిగింది. అప్పటి నుంచి ఆమె నేలమీదే ఉంది. రేపు వైద్యులు సరేనంటే మళ్ళీ ఎగురుతుంది. కాదంటే ఇన్నేళ్ళ కష్టం ఒక ఆఫీసు బల్ల దగ్గరకొచ్చి ఆగిపోతుంది.

బోర్డుకు ఇవ్వాల్సిన కాగితం చైత్ర ఎదురుగా పెట్టి ఉంది. మేమిచ్చిన వైద్యం కాక ఇంకేదైనా చేయించుకున్నారా అన్న ప్రశ్నకూ, కొత్తగా బాధలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకూ చైత్ర లేదు, లేదు అని రాసింది. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.

అమరనాథ్ ఆ కాగితం తన వైపు జరుపుకొని చదివాడు.

"ఇది అబద్ధం కదా చైతూ."

"ఎక్స్‌రేలో ఎముక కూడింది. వాళ్ళు చూసేది అదే."

"మరి కాలు?"

"కాలు బాగానే ఉండాది," అన్నాడు గంగప్ప. అప్పటికి ఆయన నోరు విప్పాడు. "మీరు ఊరికే గాబరా పడతా ఉండారు. మా ఇంటామె ఒకటి చెప్తే మీరు నాలుగు ఇనుకున్నారు."

మీతో వాదించడానికి రాలేదని అమరనాథ్ అన్నాడు. అంటూనే వాదించాడు. మందుల షాపులో దగ్గుమందు కొన్నా యూనిట్ డాక్టరుకి చెప్పి తీరాలని తనకు నేర్పింది మీ అమ్మాయేనన్నాడు. జలుబుకు మాత్ర వేసుకుని చెప్పకుండా ఎగిరిన ఒక జూనియర్‌ను ఆమె పదిహేను రోజులు నేలమీద కూర్చోబెట్టింది. ఆ సంగతి ఈ ఇంట్లోనే, భోజనాల దగ్గర, గర్వంగా చెప్పింది. అలాంటి మనిషి ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసిన గుడ్డ నడుముకు చుట్టించుకుని మూడు వారాలు పడుకుందంటే తనకు నమ్మబుద్ధి కావడం లేదన్నాడు.

చైత్రకు ఆ మాట తగిలింది. కాదనడానికి వీల్లేని మాట కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది.

"నీకు కావాల్సింది ఇదే కదా అమర్," అంది. "పోయిన నెల నువ్వే అంటివి. ఇంక చాలు, ఇద్దరం ఒకే ఊళ్ళో ఉందాం, పిల్లల గురించి ఆలోచిద్దాం అని. ఇప్పుడు నీకు నా కాలు దొరికింది."

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"అట్లయితే నువ్వు చెప్పేది నేనెట్ల నమ్మేది?"

 నాలుగేళ్ళ కాపురంలో ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నది పద్నాలుగు నెలలు. ఆమె ఎగిరే రోజుల్లో 'దిగాను' అన్న ఒక్క మాట ఫోనులోకి వచ్చేదాకా మీటింగుల్లో తానేం మాట్లాడుతున్నాడో అతనికే తెలిసేది కాదు. ఇదంతా పెళ్ళికి ముందే తెలుసు కదా అనేది ఆమె. తెలుసు. తెలిసి ఒప్పుకోవడం ఒకరోజు పని. ఆ తర్వాత ప్రతి వారం బతకాల్సి వచ్చింది.

గంగప్పకు అల్లుడి బాధ అర్థం కాకపోలేదు. కాని ఆయన లెక్క వేరు. ఆ ఇంట్లో చైత్రకు ముందు కాలేజీ గడప తొక్కినవారు లేరు. ఆయన ఏడో తరగతి. కూతురు సెలెక్ట్ అయినప్పుడు వివరాల కోసం పోలీసులు ఇంటికి వస్తే, గంగప్ప కూతురు ఏం చేసిందోనని వీధి వీధంతా గుమిగూడింది. సంగతి తెలిశాక ఆ వీధివాళ్ళే ఆయన్ని హెలికాప్టర్ గంగప్ప అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు హోల్‌సేల్ బజారులో ఉత్త గంగప్ప అని అడిగితే ఎవరూ దుకాణం చూపించలేరు.

చైత్రకు ఆ పేరూ అక్కర్లేదు, యూనిఫామూ అక్కర్లేదు. ఆమెకు కావాల్సింది పదకొండు నిమిషాలు. ఒక వరదలో, మునిగిపోయిన బడి కప్పు మీద, హెలికాప్టర్‌ను పదకొండు నిమిషాలు కదలకుండా నిలబెట్టింది. నిలబెట్టేటప్పుడు రెండు పాదాలూ పెడళ్ళ మీదుంటాయి. తోకను పట్టి ఉంచేది పాదాలే. కింద తాడుకు వేలాడుతున్న తల్లీబిడ్డల బరువు తన అరికాళ్ళకు తెలిసింది. ఆ రోజు ఇరవై మూడు మంది పైకొచ్చారు. అలాంటి పదకొండు నిమిషాలు ఇంకొకసారి దొరికితే చాలు, ఏ కాగితం మీదైనా ఏదైనా రాయగలననిపిస్తోంది ఆమెకు.

"బైరప్పను అడగండి కావాలంటే," అన్నాడు గంగప్ప. "నేను లారీ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు కట్టింది వాళ్ళ నాయనే. మూడో కట్టు విప్పిన పొద్దు ఏమన్నాడు? ఎముక కూడింది, ఇంక బయం లేదు అన్నాడు."

"అట్లనలేదు కదప్పా."

ఆ మాట గది మూల నుంచి వచ్చింది. గంగప్ప తల్లి అక్కయమ్మ అక్కడ చాప మీద కూర్చుని నానిన అనపగింజలు పితికి పొట్టు తీస్తోంది. ఆమె ఉందన్న సంగతి ఇంతసేపూ ఎవరూ తలచుకోలేదు.

"నువ్వుండు అమ్మా," అన్నాడు గంగప్ప.

"ఆ పొద్దు తాంబూలం తిరిగొచ్చింది," అంది అక్కయమ్మ. చేతిపని ఆపలేదు. "టెంకాయ నేనే కొడితి. చట్నీ చేసుకుని తింటిమి."

అమరనాథ్‌కు అందులో ఏముందో అర్థం కాలేదు. పుష్పావతి చెప్పింది. బైరప్ప ఇంత ఇమ్మని నోరు తెరిచి అడగడు. కట్టు కట్టిన ప్రతిసారీ పళ్ళెంలో టెంకాయ, ఆకువక్క, తోచింది పెట్టి ఇస్తారు. ఆయన తీసుకుంటే ఆ రోగిని తాను ఒప్పుకున్నట్టు. తిరిగి ఇచ్చేస్తే ఇంక నా చేతిలో లేదు, వేరే దారి చూసుకోండి అని. వాళ్ళ తాతల కాలం నుంచీ అంతే.

"వాళ్ళింట్లో సూతకమంట," అన్నాడు గంగప్ప. గొంతు తగ్గింది. "అందుకే తీసుకోలేదు."

"సూతకముంటే వాకిలే తొక్కనీడు కదప్పా. కట్టు యాడ విప్పుతాడు? ఆ పొద్దే అనుకుంటి. నువ్వే చెప్తావులే అని ఊరుకుంటి."

చైత్ర తండ్రి వైపు తిరిగింది. ఆ రోజు ఆమె కారులో కూర్చుని ఉంది. తండ్రి లోపల చాలాసేపు ఉండి, పళ్ళెం మీద తువ్వాలు కప్పుకొని వచ్చాడు. అది ఖాళీ పళ్ళెం అనుకుంది.

"ఏమన్నాడు అప్పా?"

గంగప్ప గోడకు ఆనుకున్నాడు. దాచినన్ని రోజులు పట్టలేదు చెప్పడానికి. బైరప్ప ఆమె ఎడమ బొటనవేలిని తుమ్మముల్లుతో గుచ్చాడట. నెత్తురు చుక్క వచ్చింది, కాలు కదల్లేదు. బిడ్డను కారెక్కించమని, గంగప్పను పక్కకు పిలిచాడు. ఇది ఎముక పని కాదు, నరం పని, నేను చెయ్యి పెట్టకూడదు, రేపే పెద్దాస్పత్రికి తీసుకుపో అన్నాడు. పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఏంటికి చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఎగరవు కదమ్మా."

ఆ బైరప్ప మీద పోలీస్ కంప్లయింట్ ఇస్తానన్నాడు అమరనాథ్. డిగ్రీ లేదు, లైసెన్సు లేదు, వెన్నెముక మీద ఎలా చెయ్యి వేశాడని. అతని గొంతు లేచేసరికి పుష్పావతి అడ్డొచ్చింది.

"ఆయప్ప చెప్పినాడు కదా నాయనా," అంది. "చెప్పింది దాచుకునింది మేము. మొన్న మనింటి వాకిట్లో మెట్లు దిగతా ఉంటే బిడ్డ ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. చూసుకోలేదు. వీధి మలుపు దాకా ఒట్టి కాలుతో పోయింది. నేను చెప్పు చేతిలో పట్టుకుని ఎనకాలే పోతి. పిలవబుద్ధి కాలేదు. ఆ పొద్దు నుంచి నాకు అన్నం సయించలేదు. అందుకే మీకు ఫోన్ చేస్తి."



గంగప్పకు ఇది భరించరానిదైంది. తన ఇంట్లో, తన తల్లి, తన భార్య, అల్లుడి ఎదుట, ఒకరి తర్వాత ఒకరు. ఆయన లేచి కూతుర్ని మంచం మీద కూర్చోమన్నాడు. తాను కింద కూర్చున్నాడు. ముల్లు గుచ్చి నెల కావొస్తోంది, ఇప్పుడు బాగయి ఉంటుంది, అందరూ చూడండి అన్నాడు. ఆడపిల్ల కాలు నువ్వు పట్టుకునేదేమని అక్కయమ్మ గొణిగింది. ఆయన వినిపించుకోలేదు.

"కండ్లు మూసుకోమ్మా. నేను ముట్టింది ఏ వేలో చెప్పు."

చైత్ర కళ్ళు మూసుకుంది.

కుడికాలు మొదలుపెట్టాడు. చిటికెన వేలు అంది. సరిపోయింది. బొటనవేలు అంది. సరిపోయింది. మడమ దగ్గర చిన్నగా గీరితే కాలు వెనక్కి లాక్కుంది. గంగప్ప అల్లుడి వైపు చూశాడు. చేతులు తీసి తన మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇప్పుడు ఎడమకాలు అన్నాడు.

చైత్ర కాసేపు ఆగింది.

"నడిమి వేలు," అంది.

 గంగప్ప చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఆయన ఇంకా ముట్టుకోలేదు.

ఆ నిశ్శబ్దానికి చైత్ర కళ్ళు తెరిచింది. ముందు తండ్రి చేతులు చూసింది. తర్వాత ఒక్కొక్కరి ముఖం చూసింది. అక్కయమ్మ చేతిలో అనపగింజ చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరూ చూళ్ళేదు," అన్నాడు గంగప్ప. "ఇది మనింట్లో మాట. మనం ఐదుగురమే."

"నేను చూశాను మావయ్యా."

"అప్పా, అమరప్పా..." అని గంగప్ప బతిమాలాడు.

"నేను చూశాను," అన్నాడు అమరనాథ్ మళ్ళీ. కోపం పోయి అతని గొంతు అలిసిపోయినట్టుంది. "ఈమె పక్క సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. వెనకాల స్ట్రెచర్ మీద ఇంకొకడుంటాడు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా నాలాగా ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళుంటారు."

తర్వాత భార్యతో చెప్పాడు. రేపు ఎనిమిది లోపల బోర్డుకు నువ్వే చెప్పు. చెప్పకపోతే నేను మెయిల్ పెడతాను.

"పెడితే మనిద్దరికీ మధ్య ఇంకేమీ ఉండదు."

"తెలుసు."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద బైకు స్టార్టయిన చప్పుడు వినపడింది.

మధ్యాహ్నం భోజనాలు ముగిశాక చైత్ర ఫోన్ మోగింది. కౌశల్. హెలికాప్టర్ పడిన రోజు ఆమె పక్క సీట్లో కూర్చున్న కో-పైలట్. ఇరవై ఆరేళ్ళవాడు. ఎప్పటిలాగే హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వెళ్ళాడు. బోర్డు రేపే కదా మేడమ్, మా మెస్‌లో అందరం పందెం కట్టాం, మీరు వారంలో వచ్చేస్తారని అన్నాడు. మీరొచ్చిన తర్వాత మొదటి ఫ్లైట్‌లో పక్క సీటు తనదేనని ముందే చెప్పి పెడుతున్నాడు.

నీ సంగతేమిటని ఆమె అడిగింది. ఏముంది మేడమ్, ఇంకో ఆరు నెలలు ఆగమన్నారు, ఆగుతాను అని నవ్వాడు.

విచారణ రిపోర్టులో ప్రమాదానికి కారణం గాలి అని రాశారు. కొండల మధ్య ఆ వేళ గాలి ఒక్కసారిగా దిశ మార్చిన మాట నిజమే. దాని కింద ఇంకొక వాక్యం ఉంది. కో-పైలట్ సమయానికి హెచ్చరించలేదని. ఆ ఒక్క వాక్యం వల్ల కౌశల్ కెప్టెన్ కావడం ఆగింది. అతను ఎవరినీ ఏమీ అనలేదు. నేను ఒక క్షణం ముందు చూసి ఉండాల్సింది మేడమ్ అని ఆమెతోనే రెండుసార్లు అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చైత్ర చాలాసేపు మేడ వెనకాల ఇనుప మెట్ల దగ్గర నిలబడింది.

అయిదు గంటలప్పుడు గంగప్ప అక్కడికే వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. దుకాణం పేరు అచ్చువేసిన కాగితం మీద, కన్నడంలో, గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ నిండా రాశాడు. నా కూతురికి ఇష్టం లేకపోయినా నేనే బలవంతం చేసి నాటు కట్టు కట్టించినాను. ఆ కట్టు కట్టినాకే కాలు మొద్దుబారింది. అంతకు ముందు ఏ బాధా లేదు. నా బిడ్డ తప్పేమీ లేదు. కింద సంతకం, తేదీ, ఆధార్ నంబరు.

"అల్లుడు చెప్పింది నిజమే," అన్నాడు. "నేను సదువుకోనోణ్ణి. నీ ఉద్యోగం అంటే నీకొక్కదానికే అనుకుంటి. పక్కనోళ్ళ ప్రాణం సంగతి తలచలేదు. నిజమే చెప్పు పో. కాని తప్పు నా మీద పెట్టి చెప్పు. అట్లయితే నిన్నేమీ అనరు. నరానికి మందిస్తారు, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ ఎగరనిస్తారు. నీ కాయితంలో రాసినట్ల రాస్తే దొంగతనం. ఇట్ల చెప్తే తండ్రి మాట ఇనిన బిడ్డ, అంతే."

చైత్ర కాగితం తీసుకుంది. చదివి మడిచింది. ఏమీ అనలేకపోయింది.

ఎందుకంటే ఆ కాలు అత్తిబెలెలో మొద్దుబారలేదు. హెలికాప్టర్ పడినప్పుడూ కాదు. అంతకు పన్నెండు రోజుల ముందు, జూలై ఇరవై ఎనిమిదో తేదీన, ఆరు గంటలు ఎగిరి దిగి బూట్లు విప్పుతున్నప్పుడు మొదటిసారి తెలిసింది. ఎడమ పాదం తనది కానట్టుంది. చలి అనుకుంది. ఆ కొండల్లో అందరి వేళ్ళూ మొద్దుబారతాయి. ఏళ్ళ తరబడి ఆ సీటు కింది అదురు నడుములోకి ఎక్కుతుందని, అందరికీ నొప్పులుంటాయని, అందరూ దాస్తారని కూడా తెలుసు. ఆ వారం ఇద్దరు పైలట్లు సెలవులో ఉన్నారు. కొండల పైనున్న సైనిక పోస్టుల నుంచి రోగులను దించాలి. నేను ఎగరనని చెప్తే ఆ పని కౌశల్ లాంటివాళ్ళ మీద పడుతుంది. రేపు చెప్దాం అనుకుంది. రేపు, రేపు అంటూ పన్నెండు రోజులు గడిచాయి.

పడిన రోజున గాలి తిరగ్గానే ఆమె ఎడమ పెడల్ నొక్కింది. నొక్కాననుకుంది. నొక్కిందో లేదో ఈ రోజుకీ ఆమెకు తెలియదు. ఆసుపత్రిలో కాళ్ళు తాకి అడిగితే అంతా తెలుస్తోందని చెప్పింది. విచారణలో గాలి గురించి అడిగారు, గాలి గురించి చెప్పింది. ఎవరూ కాలి గురించి అడగలేదు.

ఇప్పుడు తండ్రి తనంతట తాను కాలు మొద్దుబారడానికి వేరే తేదీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ తేదీతో కౌశల్ పేరు రాదు, విచారణ రాదు, ఆ పన్నెండు రోజులు ఎక్కడా రావు. బైరప్ప పేరొక్కటే వస్తుంది. తాంబూలం తిప్పి పంపిన మనిషి పేరు.

ఆమె రాత్రికి తక్కువే తింది. ఇంట్లో ఎవరూ బలవంతం చేయలేదు.

పొద్దున్నే యూనిఫాం వేసుకుని బయల్దేరుతుంటే పుష్పావతి వాకిట్లోకి వచ్చింది. ఆమె కూతురి ముఖం చూడకుండా, భుజం మీద పట్టీ సరిచేస్తూ మాట్లాడింది.

"నువ్వు ఎగిరేది నాకు ఎప్పుడూ బయమే. మా బిడ్డ కాళ్ళూ చేతులూ గట్టివి అని చెప్పుకుని పడుకుంటా ఉంటి ఇన్నాళ్ళు."

అంతే అంది.

గంగప్ప కూడా వెంట వచ్చాడు. ఇద్దరూ టాక్సీలో వెళ్ళారు. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని టోకెన్లు ఇచ్చారు. అప్పటికి ఏడు నలభై. అమరనాథ్ నుంచి ఏమీ రాలేదు. ఇంక వచ్చినా తెలియదు. అతను మెయిల్ పంపాడో లేదో, పంపితే ఎవరికి చేరిందో, లోపల ఎవరు దాన్ని చదువుతూ తన కోసం కూర్చున్నారో తెలియకుండానే ఆమె లోపలికి వెళ్ళాలి.

తండ్రిని వరండాలో కుర్చీ చూపించి కూర్చోబెట్టింది. అక్కడే నిలబడి ఫారం తీసింది. రెండు చోట్లా లేదు అన్నదాన్ని కొట్టేసి అవును అని రాసింది. సంతకం పెట్టింది. తండ్రి కాగితం మాత్రం జేబులోనే ఉంచుకుంది.

గ్రూప్ కెప్టెన్ లక్ష్మీనారాయణ తెలుగువాడే. అయినా ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో అడిగాడు. ఫారం చదివి ఆశ్చర్యపోలేదు. నాటు వైద్యం ఎక్కడ, ఎన్నిసార్లు అని అడిగి రాసుకున్నాడు. మీరు కూడానా అన్నట్టు ఒకసారి తలెత్తి చూశాడు, అంతే. పాదం తాకి చూశాడు. ఈసారి ఆమె ఊహించి చెప్పలేదు. తెలియడం లేదు సార్ అంది.

ఎప్పటి నుంచి అని అడిగాడు.

జేబులో కాగితం ఉంది. తీసి ఇస్తే అయిపోతుంది. నోటితో అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు.

జూలై ఇరవై ఎనిమిది అంది.

అతను తేదీ వేయబోయి ఆగాడు. ఫైలు వెనక్కి తిప్పాడు. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఉన్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టి తెలుగులో మాట్లాడాడు.

"మీరు పడింది ఆగస్టు తొమ్మిది కదమ్మా."

"అవును సార్."

"ఈ తేదీ నేను రాస్తే ఈ ఫైలు నా బల్ల మీద ఆగదు. విచారణ మళ్ళీ తెరుస్తారు. అప్పుడు ఇది కాలి సంగతి కాదు."

"తెలుసు సార్."

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నొప్పిలో ఉన్న మనుషులు తేదీలు పొరబడడం తాను చాలాసార్లు చూశానన్నాడు. అది సాయమో, పరీక్షో ఆమెకు తెలియలేదు. బయట పది నిమిషాలు కూర్చోండి, బాగా గుర్తు చేసుకోండి, వచ్చి ఏ తేదీ చెప్తే అది రాస్తాను అన్నాడు.

వరండాలో గంగప్ప ఆమెను చూడగానే లేవబోయాడు. ఆమె కూర్చోమని పక్కనే కూర్చుంది.

"కాయితం ఇచ్చినావా?"

"ఇయ్యలేదప్పా."

"ఏంటికి?"

"అందులో రాసింది నిజం కాదు. నీ కట్టు వల్ల రాలేదు. ముందే ఉండింది."

"ముందంటే?"

"పడక ముందే."

గంగప్పకు కొంతసేపు పట్టింది. ఆయన వరండా చివర నడిచిపోతున్న ఎవరినో చూస్తూ ఉండిపోయాడు. రాత్రంతా మోసిన తప్పు తనది కాదని తెలిసినా ఆయన ముఖంలో తేలిక కనపడలేదు. ఇంకా ముసలివాడయినట్టు కనిపించాడు.

"ఆ కౌశల్ పిలగానికి తెలుసా?"

"తెలీదు."

"ఇంకెవరికి తెలుసు?"

"డాక్టరుకి చెప్పినాను. ఆయన ఇంకా రాయలేదు. పది నిమిషాల్లో పిలుస్తాడు. మళ్ళీ చెప్పాల."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. చించేస్తాడేమో అనుకుంది. గంగప్ప దాన్ని విప్పి, ఎవరో రాసింది చదువుతున్నట్టు పెదవులు కదుపుతూ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ పాత మడతల మీదే మడిచాడు.

"నాకు అరవై ఆరు," అన్నాడు. "నన్నేం చేస్తారు? బైరప్ప కాళ్ళు నేను పట్టుకుంటా. నీకు ముప్ఫై రెండు."

"అప్పా..."

"నిన్న నేను తెలీక తప్పు చేస్తి. ఈ పొద్దు తెలిసే చెప్తా ఉండా."

కాగితాన్ని ఆమె అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలే మూశాడు.

"ఇదే ఇయ్యి తల్లీ."

గది తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఎవరో ఆమె ర్యాంకూ పేరూ చదివారు. చైత్ర లేచింది. గంగప్ప లేవలేదు. ఆమె పిడికిలి ఇంకా ఆయన రెండు చేతుల మధ్యే ఉంది.